గంట గది గోడ, ఏడుగురు మెట్రిక్ పిల్లలు

గురువారం. పొద్దున పది గంటల పన్నెండు నిమిషాలు. సర్కారు లెక్కలో అర్దిబెహిష్త్ నెల, మన లెక్కలో ఫాల్గుణం. పెద్ద యుద్ధం మొదలవడానికి ఇంకా రెండు మూడేళ్లు ఉంది. నాందేడులో ఒక సర్కారీ హైస్కూలు గేటు పక్కన రాతి అరుగు మీద కూర్చొని, నా జన్మలో మొదటిసారి ఒక మనిషి పేరు రిజిస్టరులో రాశాను. అప్పటికి నాకు నలభై దాటాయి. ఆ బడిలో చప్రాసీగా పదకొండేళ్లు నిండాయి.

ఎవరి పేరు రాశానో, ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పాలంటే ఆరు వారాలు వెనక్కి పోవాలి. పోతాను. దానికన్నా ముందు ఈ పని ఏమిటో చెప్పాలి. బళ్లలో కొత్తగా చేరుతున్న చప్రాసీల కోసమే ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, బదిలీ ఎట్లా ఆపుకోవాలి, సెలవు కాగితం ఎవరికి ఇవ్వాలి, ఇవన్నీ రాయను. అవి మీకు ఆఫీసులో ఎవరైనా చెప్తారు. ఎవరూ చెప్పనివి రెండు మూడు ఉన్నాయి, అవి చెప్తాను.

గంట కొట్టేవాడి పని

చప్రాసీ పని అంటే గంట కొట్టడం, కుండల్లో నీళ్లు నింపడం, చీటీలు మోయడం అనుకుంటారు. అది పని కాదు, చాకిరీ. పని వేరే ఉంది. పొద్దున గేటులోంచి వచ్చే ప్రతి పిల్లవాడి ముఖం చూడాలి. తిని వచ్చాడా, తిట్లు తిని వచ్చాడా చూడాలి. మాస్టర్లు పిల్లవాడి పాఠం చూస్తారు. ముఖం చూసేది మనమే.

మా బడికి గంట అంటే గంట కాదు. రైలు పట్టా ముక్క ఒకటి తెచ్చి గేటు పక్క గది ముందు వేలాడదీశారు. ఇనుప కడ్డీతో కొడితే గోదావరి గట్టు దాకా వినపడేది. పదికి పది నిమిషాల ముందు మొదటి గంట. పదికి రెండో గంట. రెండో గంట తరువాత వచ్చినవాడు ఆలస్యం. ఆ ఆలస్యాల లెక్క పెట్టుకోవడం నా బాధ్యత. ఏడాది చివర మెట్రిక్ పరీక్షకు ఎవరిని పంపాలో నిర్ణయించేటప్పుడు సదర్ ముదర్రిస్, అంటే పెద్ద మాస్టరు, ఆ లెక్క అడిగేవారు. ఇరవై దాటితే ఆ ఏడు పరీక్షకు ఇజాజత్, అంటే అనుమతి, లేదు.

ఇక్కడ నా దొంగతనం ఒప్పుకోవాలి. నాకు అక్షరం రాదు. పనిలో చేరేటప్పుడు వచ్చునని చెప్పాను. అప్పటి పెద్ద మాస్టరు ముసలాయన, మంచివాడు, కాని దేనినీ తరచి చూడడు. సంతకం పెట్టమన్నాడు. మా బావమరిది నేర్పిన నాలుగు గీతలు గీశాను. నా సంతకం కూడా నాకు బొమ్మే. ఆయన తల ఊపాడు. నడుముకు కట్టుకునే పట్టీ, దాని మీది ఇత్తడి బిల్ల నాకు ఇచ్చారు. పై అధికారి మంచివాడైతే మన తప్పు పదేళ్లు బతుకుతుంది. అది మన అదృష్టం అనుకోకండి.

గోడ

అక్షరం రానివాడు ఆలస్యాలు ఎట్లా రాశాడు అని అడుగుతారు. గంట గదిలో లోపలి గోడకు సున్నం వేసి ఉండేది. దాని మీద బొగ్గుతో రాసుకునేవాణ్ణి. పేర్లు కాదు, బొమ్మలు. ప్రతి పిల్లవాడికీ ఒక గురుతు. వాడి పిచ్చి ఏదో అదే వాడి గురుతు. వాడు ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ దాని కింద ఒక గీత.

మీరు నవ్వుతారు. కాని ఒకటి చెప్తాను. పిల్లవాడి పేరు వాళ్ల అమ్మానాన్న పెట్టింది. వాడి పిచ్చి వాడు సొంతంగా పెట్టుకున్నది. పదిహేడేళ్ల పిల్లవాణ్ణి తెలుసుకోవాలంటే బడి విడిచాక వాడు ఎటు పరుగెత్తుతాడో చూడాలి.

ఆ ఏడు మెట్రిక్‌లో ఏడుగురే. హమీద్‌కు సిరాబుడ్డి గురుతు. ప్రతి బుధవారం పిల్లలు బజ్మ్ అని ఒక సభ పెట్టి కవిత్వం చదివేవాళ్లు, దానికి వాడే కార్యదర్శి. చొక్కా జేబు ఎప్పుడూ సిరా మరకే. నరహరికి హాకీ కట్టె. వాడు తరగతిలో కూర్చున్నా కాళ్లు మైదానంలోనే ఉండేవి. దత్తుకు గద. పొద్దున తాలీంలో కుస్తీ పట్టి, మట్టి కడుక్కోకుండానే బడికి వచ్చేవాడు. బాలకిషన్ స్కౌటు, వాడికి తాడు ముడి. జేబులో ఎప్పుడూ మూర తాడు, దొరికిన ప్రతి స్తంభానికీ ముడి. రాజన్న కోమటింటి పిల్లవాడు. దుకాణంలో కూర్చోమంటే ఏడ్చేవాడు, బడి తోటలో కలుపు తీయమంటే భోజనం మరిచేవాడు. వాడికి ఆకు.

గంగారాంకు పావురం. ముఖేడు దిక్కు పల్లె నుంచి వచ్చిన కాపువాళ్ల పిల్లవాడు, నాందేడులో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదివేవాడు. ఆమె డాబా మీద పద్నాలుగు పావురాలు సాకాడు. పొద్దున వాటిని ఎగరేస్తే అవి దిగేదాకా వీడూ దిగడు. రెండో గంట కొట్టాక బజారు మూలన ఒక దుమ్ము లేచేది. అదే గంగారాం.

“మళ్లా ఆలస్యమా రా?”

“నాది కాదు కాకా. లకోటా దిగలే.” లకోటా అంటే వాడి తెల్ల పావురం.

“లకోటాను పంపు మరి ఇమ్తెహాన్‌కు. అదే రాస్తది.”

“అది నా కన్న నయమే కాకా. దానికి లెక్కలు రావని ఎవ్వలూ తిట్టరు.”

దసరాకు పెద్దమ్మ డాబా మీద మిరపకాయలు ఎండబెట్టింది. పావురాలు వాటి మీద చేయవలసింది చేశాయి. ఆమె చీపురు పట్టుకొని, నువ్వన్న ఉండాలె అవన్న ఉండాలె అంది. గంగారాం పావురాలను మాధవ్‌కు ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి వాడు ఒక్క రోజూ ఆలస్యం కాలేదు.

మాధవ్ ఏడోవాడు. వాడికి గోడ మీద గురుతే లేదు. ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు, నేను ఏ బొమ్మా గీయలేదు. మరాఠీ ఇల్లు. తండ్రి లేడు. తల్లి బట్టలు కుట్టేది. మేనమామకు పత్తి జిన్నింగులో పలుకుబడి ఉంది. ఈ ఒక్క ఏడు చూస్తా, మెట్రిక్ రాయకుంటే పిల్లవాణ్ణి జిన్నింగులో బేళ్ల దగ్గర పెడతా అని చెప్పి ఉంచాడు. మాధవ్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పాడు, ఎందుకంటే నేను అడిగాను.

ఇప్పుడు లెక్క వినండి. పావురం కింద గీతలు ఇరవై ఆరు. అన్నీ దసరా ముందువి, అన్నీ గంగారాంవి. పావురాలు చేతులు మారాయి, గోడ మీది పావురం మారలేదు. నేను మార్చలేదు. నా తల్లో ఉన్నది గోడకు కూడా తెలుసునని అనుకున్నాను.

ఇంకొక తప్పు కూడా చెప్తాను. ఏడాది చివర పెద్ద మాస్టరు అడిగినప్పుడు లెక్క నోటితో చెప్పేవాణ్ణి. నాకు నచ్చిన పిల్లలకు కొన్ని గీతలు తగ్గించి చెప్పేవాణ్ణి. గంగారాంకు పద్దెనిమిది అని చెప్పాలని మనసులో పెట్టుకున్నాను. దయ అనుకున్నాను. తగ్గించేవాడి చేతిలో పెంచడం కూడా ఉంటుందని అప్పుడు తోచలేదు.

మాహూరు నుంచి వచ్చిన పొద్దు

మనవడి పుట్టు వెంట్రుకలకు మాహూరు రేణుకమ్మ దగ్గరికి నాలుగు రోజుల సెలవు పెట్టి పోయాను. గురువారం పొద్దున తిరిగి వచ్చి, ప్రసాదం మూట చంకలో ఉండగానే నేరుగా బడికి వచ్చాను. వరండాలో బోర్డు దగ్గర మెట్రిక్ పిల్లలు నిలబడి ఉన్నారు. కాగితం అంటించి ఉంది. నాకు కాగితం చదవడం రాదు కాబట్టి ముఖాలు చదివాను. ఆరు ముఖాలు నేల చూస్తున్నాయి. మాధవ్ ముఖం గోడ మీది సున్నంలా ఉంది.

“ఏంది రా, ఏమైంది?”

బాలకిషన్ నా వైపు తిరిగాడు. చేతిలో తాడు లేదు. “ఇజాజత్ లిస్టు వచ్చింది కాకా. మాధవ్ పేరు లేదు.”

“ఎందుకు లేదు?”

“ఇరవై ఆరు ఆలస్యాలంట.”

మాధవ్ నా దగ్గరికి వచ్చాడు. మెల్లగా, ఇంట్లో ఎవరో పడుకున్నట్టు అడిగాడు. “కాకా, మీ కధీ ఉశిరా ఆలో కా? నేనెప్పుడన్న ఆలస్యంగ వచ్చిన్నా?”

జరిగింది ఇది. నేను లేనప్పుడు పైనుంచి లిస్టు తొందరగా పంపమని తాఖీదు వచ్చింది. మున్షీ విఠల్‌రావు, అంటే ఆఫీసు గుమాస్తా, గంట గదిలోకి పోయి గోడ చూశాడు. మిగతా గురుతులు సులువుగానే పట్టాడు, వాటి కింద గీతలు కూడా తక్కువే. పావురం దగ్గర ఆగాడు. వరండాలో పోతున్న బాలకిషన్‌ను పిలిచి, మెట్రిక్‌లో పావురాలు సాకేది ఎవడు రా అని అడిగాడు. మాధవ్ అని వాడు చెప్పాడు. అడిగింది ఒకటి, చెప్పింది నిజం. నాలుగు నెలలుగా పావురాలు మాధవ్‌వే మరి.

ఆ పొద్దు నేను రెండో గంట ఏడు నిమిషాలు ఆలస్యంగా కొట్టాను. పదకొండేళ్లలో అదొక్కసారే.

కుండల దగ్గర

మొదటి పీరియడు అయ్యాక గంగారాం నీళ్ల నెపంతో కుండల దగ్గరికి వచ్చాడు. ముంత ముంచాడు, తాగలేదు.

“కాకా, గా ఇరవై ఆరు నావి.”

“నాకు తెల్వదా రా.”

“నువ్వేం చెప్పకు. నేనే పోయి చెప్త.”

“నువ్వు చెప్తే ఏమైతది? నీ పేరు కొట్టేస్తరు.”

“నువ్వు చెప్తే ఏమైతది? పావురం ఏంది, బొమ్మలేంది అంటడు సాబ్. నీకు హర్ఫ్ రాదని, అచ్చరం ముక్క తెల్వదని తెలుస్తది. నీ బిల్ల గుంజుకుంటడు.”

నేను కుండ మీద చేయి పెట్టి నిలబడ్డాను. “నాకు హర్ఫ్ రాదని నీకెట్ల తెలుసు రా?”

“అందరికి తెలుసు కాకా. నోటీసు తలకిందులు పట్టుకొని క్లాసులకు తెస్తవ్.”

పదకొండేళ్లు దాచాననుకున్నాను. పిల్లలందరికీ తెలుసు, ఒక్కడూ నవ్వలేదు, ఒక్కడూ మాస్టర్లకు చెప్పలేదు. కొత్తగా పనిలో చేరేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. మనం పిల్లలను చూస్తున్నామని అనుకుంటాం. వాళ్లు కూడా మనల్ని చూస్తుంటారు.

“అయితే ఏం చేద్దాం?” అన్నాను. పెద్దవాణ్ణి, వాణ్ణి అడిగాను.

“ఇద్దరం పోదాం,” అన్నాడు. “ఆయన ఎవల మీద కోపం చేసుకోవాల్నో తెల్వక ఆగమైతడు.”

ఆ అడ్డమైన మాటకు ఆ పొద్దు మొదటిసారి నవ్వు వచ్చింది.

బిల్ల

అప్పటి పెద్ద మాస్టరు కరీముద్దీన్ సాహెబు. ముసలాయన తరువాత వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో ఎప్పుడూ జేబు గడియారం. తరగతిలో ఉర్దూ, నాతో తెలుగు. నిజామాబాదు దిక్కు పెరిగిన మనిషి. ఆయనంటే బడి అంతా భయం. ఆయన పిల్లలను ముద్దు చేయగా నేను చూడలేదు. కాని ఏ పిల్లవాడి మీదా అబద్ధం మోపగా కూడా చూడలేదు. బాసులలో ఈ రెండో రకమే మేలు. మెత్తటివాడి దగ్గర తప్పు దాక్కుంటుంది. గట్టివాడి దగ్గర తప్పు ఒప్పుకుంటే ఒక్కసారితో పోతుంది.

గదిలోకి పోగానే పట్టీ విప్పి, బిల్ల ఆయన బల్ల మీద పెట్టాను. మున్షీ విఠల్‌రావు పక్కనే కూర్చొని నశ్యం పీలుస్తున్నాడు. చేయి ముక్కు దగ్గరే ఆగిపోయింది.

“ఏంది పోశెట్టి ఇది?”

“సాబ్, నాకు హర్ఫ్ రాదు.”

“పావురం నాది సాబ్,” అన్నాడు గంగారాం వెనక నుంచి, ఆగలేక.

“ఏక్ ఏక్ కర్‌కే,” అన్నారు సాహెబు. ఒక్కొక్కరు చెప్పండి అని. గడియారం బల్ల మీద పెట్టారు.

మొత్తం చెప్పాను. గోడ, బొమ్మలు, పావురాలు చేతులు మారడం, నేను తగ్గించి చెప్పే అలవాటు కూడా. ఆ చివరిది చెప్పకుంటే ఎవరికీ తెలియదు. కాని సగం ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు కాదు.

“పదకొండేండ్లు,” అన్నారు ఆయన. “పదకొండేండ్లు ఈ బడి నీ బొమ్మల మీద నడిచిందా?”

“నడిచింది సాబ్.”

“విఠల్‌రావ్, నువ్వు ఆ బొమ్మలు చూసి నాకు లిస్టు రాసిచ్చినవా?”

మున్షీ ముక్కు తుడుచుకున్నాడు. “సాహెబ్, బొమ్మలు బాగనే తీసిండు. పావురం అచ్చం పావురం లెక్కనే ఉండె.”

సాహెబు లేచి కిటికీ దగ్గరికి పోయారు. మాకు వీపే కనపడింది. ఉన్నచోటి నుంచే అన్నారు.

“గోడ సబూత్ కాదు పోశెట్టి. కాగితమే సబూత్, రుజువు అంటే అదే. కాగితం మీద ఈ ఏడు ఎవ్వల ఆలస్యమూ లేదు. లేనిదాన్ని పట్టి నేను ఎవ్వల్నీ ఆపను. ఏడుగురూ రాస్తరు. గంగారాం, నువ్వు సంతోషపడకు. నిన్ను నీ లెక్కలే ఆపుతయి.”

అది నిజమైంది కూడా. వాడు ఆ ఏడు లెక్కల్లో తప్పి, మరుసటి ఏడు గట్టెక్కాడు.

తరువాత నా వైపు తిరిగారు. “నీకు మాఫీ ఇయ్య. మెట్రిక్ పిల్లలకు ఆఖరి రోజు ఇంక ఆరు వారాలకు గురువారం. అందాక గేటు కాడ విఠల్‌రావ్ రాస్తడు. ఆ ఆఖరి గురువారం నువ్వు కూసుంటవ్. ఆ రోజు ఆలస్యంగ వచ్చినోని పేరు రిజిస్టర్ల నీ చేతి రాతల ఉండాలె. ఉంటే ఈ బిల్ల నీది. లేకుంటే నీ తొవ్వ నీది.”

బిల్లను సొరుగులో పెట్టి మూశారు. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు గుర్తు.

ఏడు రోజుల బడి

మెట్రిక్ పిల్లలకు పరీక్షలు మీద పడ్డాయి. అయినా ఆ శనివారమే పగటి సెలవులో హమీద్ పలక పట్టుకొని గంట గదికి వచ్చాడు. మేం ఏడుగురం, వారానికి ఏడు రోజులు అన్నాడు. వాళ్లే పంచుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు.

హమీద్ శనివారం. ప్రతి అక్షరానికీ ఒక షేర్, అంటే రెండు పాదాల కవిత, చదివేవాడు. కళ్లు మూసుకొని, చేయి ఊపుతూ. నాకు షేర్లు వచ్చాయి, అక్షరాలు రాలేదు. ఆదివారం నరహరి. హాకీ కట్టెతో మైదానంలో మనిషంత అక్షరం గీసి, దాని మీద నడువు అనేవాడు. ఉర్దూలో అలిఫ్ అనే అక్షరం నిలబెట్టిన కట్టె, లామ్ అనేది కొట్టడానికి ఎత్తిన కట్టె అని చెప్పాడు. అవి ఈనాటికీ మరువలేదు. సోమవారం దత్తు. వాడి అరచేయి నా ముఖమంత. నేను కలం పట్టిన తీరు చూసి, “కాకా, దాని గొంతు పిసుకుతున్నవ్. వదులు. పట్టు గట్టిగుంటే కుస్తీల కూడ ఓడిపోతం,” అన్నాడు. నా చేతికి కలం అలవాటు చేసింది ఆ పహిల్వానే.

మంగళవారం బాలకిషన్. తాడుతో అక్షరాలు పేర్చి, వేలితో తడమమనేవాడు. మధ్యలో ఆగి ఒకే మాట అడిగేవాడు. “నేను మాధవ్ పేరు చెప్పకపోతే గిదంత కాకపోయేది గద కాకా?” నువ్వు నిజం చెప్పినవ్ రా, తప్పు బొమ్మది అని ప్రతి వారం చెప్పాను. వాడు ప్రతి వారం మళ్లీ అడిగాడు. కొందరు పిల్లలు అంతే, ఒకసారి మాఫీ ఇస్తే చాలదు.

బుధవారం రాజన్న. వాడు పలక తేలేదు. తోటలో ఒక మడి చదును చేసి, ధనియాలు నలిపి, ఏవో వంకరలుగా చల్లాడు. పది పన్నెండు రోజులకు కొత్తిమీర మొలిచింది. చూస్తే అక్షరాలు. తెలుగు అక్షరాలు. వాళ్ల తాత ఇంట్లో నేర్పినవి.

“ఏంది రా ఇది?”

“నీ పేరు కాకా. పోశెట్టి.”

నలభై ఏళ్లు ఆ పేరుతో పిలిపించుకున్నాను. అది ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాను. పచ్చగా, బెత్తెడు ఎత్తు కూడా లేకుండా, వేలు పెడితే వాసన వచ్చేట్టు ఉంది. రిజిస్టరు కోసం ఉర్దూ నేర్చాను. ఈ తెలుగు రాత తరువాత ఆ మడి నుంచే మొదలుపెట్టాను. అయిదో వారం మున్షీ విఠల్‌రావు నా పేరులో వెనక సగం కోసుకొని పోయి పచ్చడి చేయించుకున్నాడు. అడిగితే, తోట సర్కారుది గదా అన్నాడు.

గురువారం గంగారాం. సగం పూట బడి కాబట్టి వాడికి చాలా సమయం ఉండేది, కాని వాడికి ఓపిక లేదు. మొదటి రోజే ఏడుగురి పేర్లు పలక మీద రాసి, “గివే నేర్చుకో కాకా. ఆఖరి రోజు వేరే ఎవ్వడు ఆలస్యమైనా వాణ్ణి బయటనే ఆపుత. మా ఏడుగుర్ల ఒక్కడే ఆలస్యంగ లోపటికి వస్తడు,” అన్నాడు. అట్లా చదువు ఎగ్గొట్టే ఉపాయం కూడా వాడే నేర్పాడు.

శుక్రవారం బడికి సెలవు. ఆ రోజు మాధవ్ నన్ను వాళ్ల డాబా మీదికి పిలిచేవాడు. కింద వాళ్లమ్మ మిషను చప్పుడు, పైన పావురాలు. మాధవ్ మాట తక్కువ. పలక ఇచ్చి, ఒక పేరు చూపి, వేళ్లతో లెక్క చెప్పేవాడు. “సవ్వీస్ వేళా, కాకా.” ఇరవై ఆరు సార్లు. ఒక్కటి తగ్గినా ఒప్పుకోలేదు. ఇరవై ఆరు ఎందుకని నేను అడగలేదు. వాడూ చెప్పలేదు. నేను రాస్తుంటే లకోటా వచ్చి పలక అంచు మీద కూర్చునేది.

ఏ మాస్టరు దగ్గరైనా నేర్చుకోవచ్చు. కాని మెట్రిక్ చదివే పిల్లల దగ్గర నేర్చుకోవడం వేరు. వాళ్లకు ఇంకా తమకు తెలుసునన్న గర్వం రాలేదు. తమకు నచ్చినదాంతోనే నేర్పుతారు, వేరేది వాళ్ల దగ్గర లేదు.

ఖాళీ పేజీ

ఆఖరి గురువారం వచ్చింది. తెల్లవారే స్నానం చేసి, పట్టీ లేని నడుముతో బడికి పోయాను. తొమ్మిదికే గేటు తెరిచాను. తొమ్మిదీ పావుకు గంగారాం వచ్చాడు. నాకు దండం పెట్టి లోపలికి పోయాడు. ఇదేంది ఇంత తొందరగా అనుకున్నాను. తరువాత హమీద్, దత్తు, నరహరి. తరువాత బాలకిషన్, రాజన్న, మాధవ్. మెట్రిక్ వాళ్లే కాదు, చిన్న తరగతుల పిల్లలంతా గుంపులు గుంపులుగా వచ్చారు. కారణం తరువాత తెలిసింది. ఆ వారమంతా మెట్రిక్ పిల్లలు తరగతి తరగతికీ పోయి చెప్పారు, గురువారం ఎవ్వడూ ఆలస్యం కావద్దు, అయితే పోశెట్టి కాకా రాయాల్సి వస్తది అని. ఆలస్యంగా ఎవ్వరూ రాకుంటే నేను రాయనక్కర లేదు, రాయకుంటే తప్పు రాదు, తప్పు రాకుంటే బిల్ల పోదు. ఇది వాళ్ల లెక్క. ప్రేమతో వేసిన లెక్క, తప్పు లెక్క.

రెండో గంట కొట్టాను. సాహెబు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు, గడియారం చేతిలో. నేను అరుగు మీద రిజిస్టరు తెరిచి కూర్చున్నాను. కలం సిరాలో ముంచాను. బజారు వైపు చూశాను. దుమ్ము లేదు.

పదీ అయిదు. సిరా ఆరింది. మళ్లీ ముంచాను.

పదీ పది. సాహెబు వచ్చి పేజీ చూశారు.

“ఎవ్వలూ రాలే సాబ్,” అన్నాను.

“ఖాళీ పేజీ,” అన్నారు ఆయన. “హర్ఫ్ వచ్చినోడూ గిట్లనే ఇస్తడు, రానోడూ గిట్లనే ఇస్తడు. నేనేం చూడాలె దీంట్ల?”

ఆరుగురు వరండా అంచున నిలబడి ఉన్నారు. వాళ్ల ముఖాలు మారడం చూశాను. తాము చేసింది ఏమిటో వాళ్లకు అప్పుడు అర్థమైంది. ఆరుగురే. ఏడోవాడు లేడు. అప్పుడే బజారు మూలన దుమ్ము లేచింది.

గంగారాం పరుగెత్తుకుంటూ వచ్చి గేటులో నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. చొక్కా ముందంతా సున్నం, మోకాలు గీరుకుపోయింది. బడి వెనక గోడకు కొత్తగా సున్నం కొట్టి మూడు రోజులే అయింది. తొమ్మిదీ పావుకు నా కళ్ల ముందే లోపలికి పోయినవాడు, వెనక గోడ దూకి, ఊరు చుట్టి, గేటుకు వచ్చాడు.

సాహెబు వాడి చొక్కా చూశారు. మోకాలు చూశారు. గడియారం చూశారు.

“ఎందుకు ఆలస్యం?”

“పావురాలు సాబ్. దిగలే.”

పావురాలు మాధవ్ డాబా మీద ఉన్నాయని సాహెబుకు తెలుసు. నా నోటితో నేనే చెప్పాను ఆ సంగతి. ఆయన మీసం కింద ఏదో కదిలింది. నవ్వు అని ప్రమాణం చేసి చెప్పలేను.

“లిఖో,” అన్నారు నాతో.

కలం పట్టు వదులు చేశాను, దత్తు చెప్పినట్టు. కుడి నుంచి మొదలుపెట్టాను. పేరులో నడుమ అలిఫ్ దగ్గర నరహరి కట్టె గుర్తుకు వచ్చింది, నిలబెట్టాను. చివర దాకా పోయాను. పక్కన టైము వేశాను. మూడు నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది.

సాహెబు రిజిస్టరు తీసుకొని చదివారు. జేబులోంచి బిల్ల తీశారు. సొరుగులోంచి ఎప్పుడు తీసి జేబులో వేసుకున్నారో, పొద్దున్నే తెచ్చుకున్నారేమో నాకు తెలియదు. రిజిస్టరు మీద పెట్టి నా ఒళ్లోకి జరిపారు. తరువాత గంగారాంను చేయి చాపమని రెండు బెత్తపు దెబ్బలు వేశారు. ఒకటి ఆలస్యానికి, ఒకటి సున్నం గోడకు. గంగారాం చేయి వెనక్కి తీసుకోలేదు. నా వైపు చూసి కన్ను కొట్టాడు.

ఆ తరువాత ఇంకా పదిహేడేళ్లు గంట కొట్టాను. గంట గది గోడకు నేనే సున్నం వేశాను. మెట్రిక్ పిల్లలు ప్రతి ఏడూ వచ్చారు, పోయారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. రాయడం నేర్చుకోండి. బొమ్మలు మాత్రం మనసులో ఉంచుకోండి.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. ఎవరినీ అడగకుండా నేనే రాస్తున్నాను. గేటు దగ్గర గడియారంతో కరీముద్దీన్ సాహెబు. ఆఫీసు కిటికీలో నశ్యం డబ్బీతో మున్షీ విఠల్‌రావు. వరండా అంచున హమీద్, నరహరి, దత్తు, బాలకిషన్, రాజన్న. వాళ్లకు ఒక అడుగు ముందు మాధవ్. అరుగు మీద నేను, పోశెట్టి. గేటులో గంగారాం, పన్నెండు నిమిషాలు ఆలస్యం.